ఫిలింనగర్ నుంచి గొలుసు కట్టి తెచ్చిన ట్రాక్టరు

సినిమావాళ్ళు మా పాత ట్రాక్టరును షూటింగుకని నడుపుకుంటూ తీసుకుపోయారు. పని అయిపోయాక మాత్రం "ఇంజను పట్టేసింది, మీరే వచ్చి తీసుకెళ్ళండి" అని మా ఊరి పోస్టాఫీసుకు ఫోను చేసి చెప్పారు. కథలో హీరో దాన్ని దుక్కిలో పరుగెత్తించాలట. రేడియేటర్లో నీళ్ళు ఉన్నాయో లేవో ఎవరూ చూడలేదు. తొంభయ్యో దశకం మొదట్లో సంగతి ఇది. అప్పటికి మృగశిర కార్తె దగ్గరపడింది. సరిగ్గా విత్తనాలు వేసే వేళకు మా చేతిలో బండి లేదు. చేవెళ్ళ మెకానిక్కు మాత్రం ధైర్యం చెప్పాడు. "ఎట్లనన్న చేసి ఇంటికాడికి గుంజుకరాన్రి. నేనొచ్చి విప్పి చేస్త" అన్నాడు. మా తమ్ముడి ట్రాక్టరును ఒక్క రోజుకని అడిగి తెచ్చుకున్నాం. మా ఆయన నడుపుతుంటే నేను పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని, కోడి కూసే వేళకు ఊరు దాటాం.

మా ఊరు చేవెళ్ళకు అవతల. మొయినాబాదులో తెల్లారింది, అక్కడే చాయ్ తాగాం. లంగర్ హౌజ్ దగ్గర పట్నం మొదలైంది. టోలిచౌకిలో డీజిలు పోయించుకుని, షేక్‌పేట మీదుగా ఫిలింనగర్ గుట్ట ఎక్కాం. అప్పట్లో అక్కడ సగం బంగళాలు ఇంకా కడుతూనే ఉన్నారు. రోడ్డు పక్కన పేల్చిన బండలు, వాటి పక్కన కొత్త కార్లు. మడ్‌గార్డు మీద కూర్చున్న నేను బంగళాల వైపు చూడలేదు. వాలు ఎక్కడ ఎక్కువుందో, మలుపు ఎక్కడ ఇరుకుగా ఉందో చూసుకుంటూ వచ్చాను. అదే దారిలో మేం దిగాలి మరి.

మా ట్రాక్టరు ప్లైవుడ్డు గుడిసెల మధ్య నిలబడి ఉంది. బానెట్టు మీద కథలోని దొర పేరేదో రంగుతో రాసి ఉంది. ప్రొడక్షన్ మేనేజరు మూర్తిగారు కోస్తావారు, మర్యాదస్తుడు. మాకు ఇడ్లీ పెట్టించి, మెల్లగా అసలు సంగతికి వచ్చారు.

"ఎందుకమ్మా మీకీ శ్రమ? పాత ఇనుము కొనే అతన్ని రమ్మని కబురుపెట్టాం. అతనికి ఇచ్చేసి హాయిగా ఇంటికెళ్ళండి. ఇంజను లేని బండిని ఈ దిగుడులో లాక్కెళ్ళడం ప్రమాదం అండీ."

మా ఆయన నా వైపు చూశాడు. "ఆయన చెప్పేది నిజమే భాగ్యా. గీ దిగుడుల ఎనక బండిని పట్టుకునుడు ఆటగాదు. ఎవరు కూసుంటరు దాని మీద?"

"నేను కూసుంట. నేను తోలుడు నేర్చుకున్నదే దీని మీద. దీని బ్రేకు ఎంత తొక్కితే ఎంత పడతదో నాకెరుకే. నువ్వు ముందట తోలు."

ఆయన తమ్ముడి ట్రాక్టరు మీది గొలుసు దించడానికి పోయాడు.

ఇటువంటి పని పెట్టుకునేవాళ్ళు ఉంటే వాళ్ళ కోసం చెబుతున్నాను. వెనక బండిని లాగడానికి ఇనుప కడ్డీ దొరికితే అన్నిటికంటే అదే మేలు. కడ్డీ ఉంటే వెనక బండి ముందు బండి మీదికి రాలేదు. మా దగ్గర గొలుసే ఉంది. గొలుసుతో దిగేటప్పుడు వేగం తగ్గించాల్సింది వెనకవాళ్ళే. గొలుసు ఎప్పుడూ బిగువుగా ఉండాలి. అది నేలకు జారిందంటే వెనక బండి ముందుదాన్ని గుద్దబోతున్నట్టే. ముందు బండి చిన్న గేరులోనే దిగాలి, ఎంత నున్నటి రోడ్డయినా న్యూట్రలు చేయకూడదు.

టైర్లలో గాలి, స్టీరింగు అన్నీ చూశాను. బ్యాటరీ బతికే ఉంది కాబట్టి హారను మోగింది. ఒకసారి కొడితే మెల్లగా, రెండుసార్లు కొడితే ఆపమని అనుకున్నాం. ట్రాక్టరుకు కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి బ్రేకు పెడళ్ళు రెండుంటాయి. రోడ్డు మీద నడిపేటప్పుడు ఆ రెండింటినీ ఒక గొళ్ళెంతో కలిపేస్తారు. లేకపోతే ఒకవైపే బ్రేకు పడి బండి తిరిగిపోతుంది. షూటింగులో ఆ గొళ్ళెం ఊడి ఎటో పోయింది. సెట్టు వడ్రంగిని అడిగి తీగె తెచ్చి పెడళ్ళు రెండూ కలిపి గట్టిగా చుట్టాను. బండి వెనక కట్టడానికి ఎర్రగుడ్డ కావాలంటే దుస్తుల గదిలో నుంచి ఎర్ర జరీ ఓణీ తెచ్చిచ్చారు. అంత సింగారం ఆ బండికి మళ్ళీ ఎన్నడూ జరగలేదు.

ఎండ ముదరకముందే బయలుదేరాం. మొదటి వాలు చక్కగా దిగాం. గొలుసు బిగిసే ఉంది. మా ఆయన మాత్రం మాటిమాటికీ వెనక్కి తిరుగుతున్నాడు. "ముందట చూడు!" అని నేను అరుస్తూనే ఉన్నాను.

మలుపు దగ్గర స్టూడియో వ్యాను ఒకటి డ్యాన్సు పిల్లలను ఎక్కించుకుని ఎదురుగా పైకి వచ్చింది. దారి ఇరుకు. మా ఆయన బ్రేకు వేశాడు. నేనూ తొక్కాను. తొక్కగానే కాలి కింద తీగె జారింది. కుడి పెడలు ఒక్కటే లోపలికి పోయింది. బండి ఒక్కసారిగా కుడివైపు తిరిగింది. అటువైపు బండలు పేల్చిన గుంట ఉంది, గుంటలో కూలీలు రాళ్ళు ఏరుతున్నారు. గొలుసు నేలకు జారింది. మా ఆయన బండి వెనక చక్రాలు నా మీదికే వస్తున్నట్టు అనిపించింది.

ఇంజను ఆగిన బండికి క్లచ్చుతో పని లేదు. నా ఎడమ కాలు ఖాళీగానే ఉంది. ఆ కాలిని ఇవతలికి తెచ్చి రెండో పెడలు మీద వేసి, సీటు వదిలి లేచి రెండింటి మీదా నిలబడ్డాను. స్టీరింగును ఎడమకు తిప్పి బిగబట్టాను. చక్రాలు కీచుమన్నాయి. బండి ఆగింది. రెండు బండ్లకూ మధ్య చెయ్యి పెట్టేంత సందు మిగిలింది.

మా ఆయన దూకి, బండరాయి తెచ్చి నా చక్రం కింద పెట్టాడు. "చాలు. ఈడ్నే ఇడిచిపెడదం. ఇనుపోడు ఈడికే వస్తడు. నువ్వు దిగు."

నేను పెడళ్ళ మీద నుంచి కాళ్ళు తీయలేదు. "దిగుడుల బండి ఇడిచిపెట్టి పోతమా? కింద మనుషులున్నరు. తీగె జారింది, అంతే. నా రెండు కాళ్ళు ఉన్నయి కదా. ఇగ తీగెతో పనిలేదు."

వ్యాను వెనక్కి జరిగి దారి ఇచ్చింది. అందులో నుంచి ఒక అమ్మాయి తల బయటపెట్టి, "అక్కా, మీరా తోలేది! జాగ్రత్తండీ!" అంది. ఆమె ముఖానికి రంగు, తల నిండా కాగితం పూలు. నేను చెయ్యి ఊపలేదు, స్టీరింగు వదిలే వీలులేదు. మిగిలిన దిగుడంతా రెండు పాదాలూ రెండు పెడళ్ళ మీద పెట్టుకునే దిగాను. షేక్‌పేట చదును నేల తగిలాక గానీ ఊపిరి పూర్తిగా పీల్చలేదు.

టోలిచౌకిలో ఇనుప సామాను కొట్టు ముందు ఆగాం. కొట్టాయన బయటికి వచ్చి, పెడళ్ళు చూసి, ఓణీ చూసి నవ్వాడు. "ఫికర్ చెయ్యకమ్మా, జర కూసో. మంచి బోల్టు ఇస్త" అన్నాడు. పెడళ్ళకున్న రంధ్రాల్లో నుంచి బోల్టు దూర్చి నట్టు బిగించాడు. ఊగించి చూశాను, రెండూ ఒక్కటిగా కదిలాయి. పక్క హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కట్లు తీసుకున్నాం. చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు ఆపుతాడేమో అనుకున్నాను. ఎర్రగుడ్డ చూసి, అటు బస్సునూ ఇటు ఆటోలనూ నిలబెట్టి మాకు దారి ఇచ్చాడు. "ఆహిస్తా, ఆహిస్తా" అని, మెల్లగా పొమ్మంటూ చెయ్యి ఊపాడు.

లంగర్ హౌజ్ దాటాక పట్నం వెనకపడింది. రోడ్డుకు రెండువైపులా చెట్ల నీడ. మొయినాబాదుకు ఇవతల బండ్లు పక్కకు తీసి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, జొన్నరొట్టెల మూట విప్పాం. మా ఆయన తొక్కు పచ్చడి నంజుకుంటూ అన్నాడు:

"నువ్వు బ్రేకు తొక్కినప్పుడల్లా గొలుసు గుంజుడు నా సీటు కింద తెలుస్తున్నది. ఎనకకు తిరిగి చూసే పనే లేదు."

"పొద్దుగాల్ల అదే చెప్తె ఇన్లేదు కదా."

"అప్పుడు నాకు తెల్వది" అని రొట్టె తుంచి నా పళ్ళెంలో వేశాడు.

చేవెళ్ళ సంత జనాన్ని మెల్లగా దాటించి, ఎండ వాలేసరికి మా ఊరి మట్టిదారి పట్టాం. ఎంత దూరం వచ్చామో నా కాళ్ళకు తెలుస్తోంది. అయినా ఆ సీటు మీద నేను మహారాణిలా ఉన్నాను. పాత బండిని ఇల్లు చేర్చడానికి కావలసింది బలం కంటే ఓపిక అని నాకు అనిపించింది. తొందర లేనివాళ్ళు ఎవరైనా ఈ పని చేయగలరు.

చేను పని ముగించుకుని వస్తున్న ఆడవాళ్ళు మమ్మల్ని చూసి దారి పక్కకు జరిగారు. మా పక్కింటి అనసూయ బండి వెంబడే నడుస్తూ అడిగింది. "ఏందక్కా, పొద్దంత ఫిలింనగర్ల ఉన్నవ్. ఎవరెవర్ని చూసినవ్?"

"మా ఆయన వీపు చూసిన" అన్నాను. "పొద్దుమూకేదాక గదే చూసిన."

ఆడవాళ్ళంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇంజను మోతలో మా ఆయనకు ఒక్క ముక్క వినబడలేదు. ఆయన ఇంటి వైపు చూస్తూ మమ్మల్ని లాక్కుపోతూనే ఉన్నాడు.