వెట్టి లేదని చెప్పడానికి వచ్చిన ఎనిమిది మంది

2018 ఫిబ్రవరి రెండో వారంలో నన్ను ప్రాథమిక విచారణాధికారిగా నియమిస్తూ పై కార్యాలయం నుంచి ప్రొసీడింగ్స్ వచ్చాయి. అప్పటికి నేను జహీరాబాద్ డివిజన్‌లో ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుణ్ణి. దానికి తోడు మండల విద్యాధికారిగా పూర్తి అదనపు బాధ్యత. అదనపు బాధ్యత అంటే రెండు కుర్చీలు, ఒకటే జీతం. విచారణ జరగవలసింది పొరుగు మండలంలో, ఝరాసంగం వైపు ఒక ఊళ్లో. ఊరి పేరు రాయను. ఆ ఊరి పెద్దలకు పరువు మీద మహా పట్టింపు, విచారణకు మూలం కూడా అదే.

ఉపాధ్యాయుల మీద ఫిర్యాదు వస్తే, అభియోగాలు మోపే ముందు నిజానిజాలు తెలుసుకోవడానికి జరిపేది ప్రాథమిక విచారణ. ఇరుపక్షాలను పిలవాలి, వాంగ్మూలాలు రాసుకోవాలి, రాసింది చదివి వినిపించాలి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి, అన్నీ అయ్యాక మన అభిప్రాయం రాయాలి. నియమం ప్రకారం అభిప్రాయం చివర వస్తుంది. అలవాటు ప్రకారం మొదటే వస్తుంది, ఫోన్లో.

నాకూ వచ్చింది. పై అధికారి నొచ్చుకోకుండా, నొప్పించకుండా రెండు ముక్కల్లో చెప్పారు. ఊరి పెద్దలతో మనకెందుకు, టీచరుకు ఒక హెచ్చరిక రాసి సాఫీగా ముగించమన్నారు. నేనూ సాఫీ మనిషినే. విచారణకు బయలుదేరిన రోజు పొద్దున్నే జహీరాబాద్ బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్లో నివేదిక టైపు చేయించి, సంచిలో పెట్టుకునే బండెక్కాను. సాక్షుల పేర్ల దగ్గర మాత్రం ఖాళీలు వదిలాను. అంతమాత్రం నిజాయితీ ఉంది.

ఫిర్యాదు చేసింది ఊరంతా చిన్న పటేల్ అని పిలిచే పెద్దమనిషి. అరవై దాటినా చిన్న పటేలే, ఎందుకంటే పెద్ద పటేల్ అంటే ఇప్పటికీ వాళ్ల తాతే. పాఠశాలకు రెండు ఫ్యాన్లు, ఒక బీరువా ఇచ్చిన దాత కాబట్టి ఏటా గణతంత్ర దినోత్సవానికి ముఖ్య అతిథి. ఆ ఏడు జెండా వందనానికి వచ్చినప్పుడు ఎనిమిదో తరగతి గోడ మీద ఒక చార్టు ఆయన కంట పడింది. 'మా అవ్వలు, తాతలు చెప్పిన వెట్టి' అని దాని శీర్షిక. మూడు రోజుల్లో ఫిర్యాదు తయారైంది. సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు సుజాత, తమ గ్రామంలో ఎన్నడూ లేని వెట్టిచాకిరి ఉన్నట్టు బోధించి, పెద్ద కుటుంబాల పరువుకు భంగం కలిగించి, గ్రామ ప్రశాంతతను చెడగొట్టారని అందులో ఉంది.

సుజాత చేసిన నేరం ఏమిటో చెప్పాలంటే మా వృత్తి రహస్యం ఒకటి బయట పెట్టాలి. పాఠ్యపుస్తకంలో అక్కడక్కడా పెట్టెలు కట్టి, 'మీ ఊరి పెద్దలను అడిగి తెలుసుకోండి' అని రాసి ఉంటుంది. ఆ పెట్టెను పాఠ్యప్రణాళికలో మేమందరం శ్రద్ధగా రాస్తాం. పిల్లలు గైడు చూసి జవాబు రాస్తారు. మేము ఎర్ర సిరాతో సరి కొడతాం. నా సర్వీసు మొత్తంలో ఆ పెట్టె చెప్పినట్టు చేసిన ఉపాధ్యాయులను నేను చూడలేదు, నాతో సహా. వెట్టి పాఠం నేను ఇరవై ఏళ్లు చెప్పాను. నా తరగతిలో వెట్టి ఎప్పుడూ నల్గొండలోనే జరిగేది, వరంగల్‌లో జరిగేది. మా తాలూకా సరిహద్దు దాకా వచ్చి మర్యాదగా ఆగిపోయేది. రజాకార్ల పాఠం, పోలీసు చర్య తర్వాతి సంగతులు కూడా అంతే. కాస్త ఇబ్బందిగా ఉండే పేజీ ఏదొచ్చినా 'ఇది మీరే చదువుకోండి' అనేసి, సిలబస్ రిజిస్టరులో పూర్తయినట్టు సంతకం చేసేవాళ్లం. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఈ అమ్మాయి మాత్రం పిల్లలను నిజంగానే ఇళ్లకు పంపి అడిగించింది.

ఆమెకు ప్రొబేషన్ ఇంకా డిక్లేర్ కాలేదు. అంటే ఉద్యోగం ఉంది గాని స్థిరం కాలేదు. ఆ దశలో ఫైలులో ఒక్క హెచ్చరిక పడినా ప్రొబేషన్ పొడిగిస్తారు, పైవాళ్ల మనసు బాగా లేకపోతే ఇంటికే పంపుతారు. నా సంచిలో ఉన్న కాగితం ఆ పని చేయగలదని నాకు తెలుసు. తెలిసే తెచ్చాను.

ఆ బడి హెడ్మాస్టరు గదిలో విచారణ మొదలుపెట్టాను. చిన్న పటేల్ కుర్చీలో కూర్చున్నారు. ఆయన తెచ్చిన సాక్షులు ఎనిమిది మంది, అందరూ వయసు మళ్లిన కూలీలు, వరండాలో నేల మీద కూర్చున్నారు. పాఠశాలలో బెంచీలు లేక కాదు.

పటేల్ వాంగ్మూలం చాలా మర్యాదగా సాగింది. తమ తాత ఎవరినీ జబర్దస్తీ చేయలేదని, కబురు పంపితే చాలు, జనం ప్రేమతో వచ్చేవారని చెప్పారు. మరి కూలి ఇచ్చేవారా అని అడిగాను.

"ప్రేమతోటి వచ్చినోళ్లకు కూలి ఎట్లిస్తం సార్? గది అవమానం గాదా?" అన్నారు.

ఎవరైనా రాకపోతే ఏం చేసేవారని అడిగాను. ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. "రాకపోవుడేంది సార్?" అని నా వంక జాలిగా చూశారు. అన్నీ అన్నట్టే రాసుకున్నాను.

సుజాత వాంగ్మూలం నాలుగు వాక్యాలు. పుస్తకంలో అడగమన్నారు కాబట్టి అడిగించానని, పిల్లలు రాసింది దిద్దలేదని, ఎవరి పేరూ తాను చెప్పలేదని చెప్పింది. చార్టు నా ముందు పెట్టింది. పటేల్ గారి మూటలు మోస్తూ తన ముత్తాత జహీరాబాద్ స్టేషను దాకా నడిచాడని ఒక పిల్లవాడు రాశాడు. కాన్పయిన తొమ్మిదో రోజున జొన్నలు విసరడానికి తన జేజమ్మను పిలుచుకుపోయారని ఒక అమ్మాయి రాసింది, తప్పుల తడకగా. అది చదివి నాకు సిగ్గేసింది. అయినా సంచిలోని కాగితం సంచిలోనే ఉంది.

తర్వాత సాక్షులు. ఒక్కొక్కరూ లోపలికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, "మా ఊర్ల వెట్టి గిట్టి ఏం లేకుండె సారూ" అని ఒకే వాక్యం చెప్పారు. ఏడుగురు చెప్పింది ఏడు సార్లు రాశాను. ఇంత చక్కగా ఒప్పజెప్పే తరగతి నాకు ముప్పై ఏళ్లలో దొరకలేదు. ఒక్కొక్కరు చెప్పినప్పుడల్లా పటేల్ చిన్నగా తల ఊపుతున్నారు. సుజాత కిటికీ పక్కన నిలబడి చేతి గోళ్లు చూసుకుంటోంది.

ఎనిమిదో సాక్షి ఎస్తేరమ్మ. డెబ్బై ఏళ్లు ఉంటాయి. ఆమె కూడా వెట్టి లేదంది. వేలిముద్ర కోసం ప్యాడు ముందుకు జరిపాను. ఆమె వేలు చాచకుండా ఆగింది.

"సారూ, ఒక్క ముచ్చట అడుగుత. ఇయ్యాల శెనగ పీకనీకి పోయిన. పటేల్ మనిషి చేన్లకే ట్రాక్టర్ తోలుకొచ్చి, పని ఇడిసిపెట్టి ఎక్కున్రి అన్నడు. పొద్దుగాలకెళ్లి ఈడనే కూసున్నం. మరి ఇయ్యాల్టి కూలి ఎవరిస్తరు, మీరా?"

ప్రభుత్వం తరఫున విచారణ సాక్షులకు కూలి ఇచ్చే పద్దు లేదని చెప్పాను. పిలిచింది పటేల్ గారు కదా, ఆయన్ని అడగమన్నాను. ఆమె నేనేదో చిన్నపిల్లల మాట అన్నట్టు నవ్వింది.

"పటేల్ పిలిస్తె కూలి అడుగుతరా సారూ? మా అత్త అడిగిందా, మా అమ్మ అడిగిందా?"

ఆమె సాక్ష్యం చెప్పడం లేదు. కూలి అడుగుతోంది, అంతే. నా కలం మాత్రం అలవాటు కొద్దీ మాట మాటా రాసేసింది. తల మీద ఫ్యాను కిరకిరలాడుతోంది. ఆ ఫ్యాను కూడా పటేల్ ఇచ్చిందే.

నియమం ప్రకారం చదివి వినిపించాను. ఎస్తేరమ్మ అన్నీ సరిగ్గా ఉన్నాయని వేలిముద్ర వేసింది. అప్పటికి పటేల్ తేరుకున్నారు. "సార్, ఆ ఆఖరి ముచ్చట తీసెయ్యిన్రి. ముసల్ది, తెల్వక మాట్లాడింది" అన్నారు.

నమోదైన వాంగ్మూలంలో మాట కొట్టేయాలంటే, ఎవరు కోరారో, ఎందుకు కోరారో పక్కన రాసి, కోరినవారి సంతకం తీసుకోవాలని చెప్పి కాగితం ఆయన వైపు తిప్పాను. అలాంటి నియమం ఉందో లేదో నాకు నేటికీ తెలియదు. పటేల్ సంతకం పెట్టలేదు. జేబులోంచి నోట్లు తీసి ఎస్తేరమ్మ చేతిలో పెట్టబోయారు. అదే ఆయన చేసిన తప్పు. తలుపు దగ్గర నుంచి ఒక గొంతు, "మరి మాకు?" అంది. దాని వెనక ఇంకొకటి. వెట్టి లేదని చెప్పిన ఏడుగురూ లేచి గుమ్మంలోకి వచ్చారు. నేను కొత్త కాగితం తీసుకుని అందరి చేతా అదనపు వాంగ్మూలం రాయించుకున్నాను. పని మధ్యలో పిలుచుకువచ్చారు, ఈ రోజు కూలి ముట్టలేదు అని. ఈసారి మాత్రం ఎనిమిది మందీ ఎనిమిది రకాలుగా చెప్పారు.

సంచిలోని నివేదిక అక్కడే చింపాను. కొత్తది చేత్తో రాశాను. ఉపాధ్యాయురాలు పాఠ్యపుస్తకం ఆదేశించిన కృత్యాన్ని నిర్వహించారనీ, ఆరోపణ రుజువు కాలేదనీ, గ్రామంలో వెట్టి లేదని చెప్పడానికి ఫిర్యాదుదారు తెచ్చిన సాక్షులందరూ కూలి లేకుండానే రప్పించబడ్డారనీ అందులో సారాంశం. బయటికి వస్తుంటే సుజాత థాంక్స్ చెప్పబోయింది. వద్దమ్మా, పొద్దున నేను ఏం రాసుకొచ్చానో నీకు తెలియదు అన్నాను.

పై అధికారి ఫోన్ చేసి, సాఫీగా అంటే ఇదేనా అని అడిగారు. అయినా ఆ నివేదికను పైకి పంపడం కన్నా మూసేయడమే క్షేమమని వారికీ తోచింది. ఫైలు ముగిసింది, ప్రొబేషన్ డిక్లేర్ అయింది. ఉత్తర్వు చివర, ఇకమీదట స్థానిక చరిత్ర బోధించేటప్పుడు తగు జాగ్రత్త వహించాలని ఒక వాక్యం చేర్చారు. సుజాత ఫోన్ చేసి, "సార్, తగు జాగ్రత్త పాఠ్యప్రణాళికల ఏ గడిల రాయాలె?" అని అడిగింది. పిల్లల చార్టు మళ్లీ గోడకెక్కలేదు. రుజువు కింద జతపరిచిన అనుబంధాలలో నాలుగోదిగా ఆ ఫైల్లోనే భద్రంగా ఉంది. చరిత్రను భద్రపరచడంలో మా శాఖకు సాటి లేదు.

రిటైరయ్యే లోపు మరికొన్ని విచారణలు చేశాను. అన్నింటిలోనూ సాక్షి పేరు, వయసు, వృత్తి రాసుకున్నాక మొదటి ప్రశ్నగా ఒకటే అడిగేవాణ్ణి. నిన్ను ఇక్కడికి ఎవరు రమ్మన్నారు, ఈ పూట కూలి ఎవరిస్తున్నారు? ఒప్పజెప్పడానికి వచ్చిన వాళ్లు సాధారణంగా అక్కడే తడబడేవారు.