ఎర్ర అక్షరాల సహాయం

మాదాపూర్‌లో నా మొదటి ఉద్యోగాన్ని ఆరో నెలలోనే ముంచబోయిన వైనం చెబుతాను. తుపానూ అగ్నిప్రమాదమూ ఏదీ అక్కర్లేకపోయింది. నేనొక్కదాన్నే సరిపోయాను.

అప్పటికి మా బాబుకు ఎనిమిది నెలలు. వాణ్ని పక్కింటి పిన్నిగారికి అప్పగించి ఆఫీసుకు వచ్చేదాన్ని. గంటకోసారి ఫోన్ చేసి, వాడు ఊపిరి తీసుకుంటున్నాడా అని అడిగేదాన్ని. "తీసుకుంటున్నాడమ్మా, నువ్వు కూడా కాస్త తీసుకో" అనేవారావిడ. అంత జాగ్రత్త మనిషిని. ఉద్యోగం మాత్రం ఇంకా ఖాయం కాలేదు. "సిద్ధాంతిగారి పని సవ్యంగా ముగించమ్మా, నీ కాగితం మీద సంతకం పెట్టేస్తాను" అన్నారు మా మేనేజరు సుధాకర్‌గారు.

సిద్ధాంతిగారిది నార్సింగి. ఆయన వెబ్‌సైటులో జన్మనక్షత్రం నొక్కితే, మా ప్రోగ్రాం అప్పటికప్పుడు ఆ రోజు ఫలితంతో తెలుగులో ఒక పేజీ తయారుచేసి చూపాలి. నా కంప్యూటర్లో అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. సుధాకర్‌గారి కంప్యూటర్లో మాత్రం నెత్తిన మీసాలు మొలిచిన ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరాయి.

"ఏంటమ్మా ఇది? అశ్వినీ నక్షత్రం వాళ్లని ఫ్రెంచిలో తిడుతున్నామా?"

మూడు రోజులు ప్రోగ్రాంలో వరుస వరుసా పేలు చూసినట్టు చూశాను. తప్పు అక్కడ లేదు. ఆ రోజుల్లో కంప్యూటర్లకు తెలుగు పుట్టుకతో వచ్చేది కాదు. మేం వాడిన తెలుగు అక్షరాల ఫాంటు నా కంప్యూటర్లో ఉంది, ఆయనదాంట్లో లేదు. అంతే! చూసేవాళ్లు ఆ ఫాంటు తెచ్చిపెట్టుకుంటే చాలు.

కనుక, తయారయ్యే ప్రతి పేజీకీ పైన ఎర్రగా, లావుగా ఒక వాక్యం వచ్చేట్టు చేశాను. దానిమీద నొక్కితే ఫాంటు వస్తుంది. నా సీట్లో కూర్చుని ఇరవై ఏడు నక్షత్రాలూ నొక్కి చూశాను. అన్నిట్లోనూ వాక్యం పెళ్లికూతురులా వెలిగిపోయింది.

"సరిగ్గా చూశావా?" అన్నారు సుధాకర్‌గారు.

"ఇరవై ఏడుసార్లు చూశాను సార్."

మర్నాడు పొద్దున సిద్ధాంతిగారు ముహూర్తం పెట్టుకుని, బంధువులను చుట్టూ కూర్చోబెట్టుకుని, వెబ్‌సైటు తెరిచారు. రెండు నిమిషాల్లో ఫోన్.

"ఏంది బిడ్డా, మా బామ్మర్ది నక్షత్రం నొక్కితే గీ పిచ్చి గీతలేంది?"

"కంగారు పడకండి పంతులుగారూ. పైన ఎర్రగా ఒక వాక్యం ఉంది కదా?"

"ఉన్నది."

"అది చదివి, అందులో చెప్పినట్టు చేయండి."

"ఎర్రగుంటే చదవొస్తదా? కింద నల్ల గీతలు, మీద ఎర్ర గీతలు. గంతే."

"కొంచెం దగ్గరగా చూడండి."

"ముక్కు అద్దానికి తగుల్తున్నది. ఇంకేడికి పోవాలె?"

"కళ్లజోడు పెట్టుకున్నారా?"

"రెండు పెట్టుకున్న. మా బామ్మర్దిది గూడ."

నిజం చెప్పొద్దూ, నాకు ఆయన మీద జాలి కలిగింది. పెద్దవయసు, కంటిచూపు, ఏం చేస్తాం! ఇదంతా వింటున్న సుధాకర్‌గారు వెళ్లి, తన కంప్యూటర్లో పేజీ తెరిచారు.

"అరుణా, ఇలా రామ్మా. ఈ ఎర్రది చదువు."

"అక్షరాలు కనబడకపోతే ఇక్కడ నొక్కి తెలుగు ఫాంటు తెచ్చుకోండి" అని గడగడా అప్పజెప్పాను.

"చూసి చదువు."

చూశాను. అవే మీసాలు. ఈసారి ఎర్ర మీసాలు.

"అంటే, తెలుగు కనబడనివాడికి, తెలుగు కనబడటం లేదన్న సంగతి తెలుగులో చెప్పావు."

నేను నోరు తెరిచేలోగా, బల్లమీద పెట్టిన ఫోన్లోంచి సిద్ధాంతిగారి గొంతు: "బిడ్డా, ఉన్నవా? జర చెప్పు, ఇగ మూడో జోడు తెప్పియ్యాల్నా?"

ఆ వాక్యాన్ని బొమ్మగా గీయించి పేజీలో అతికించాం. బొమ్మకు ఫాంటుతో పని లేదు కదా. నా కాగితం మీద సంతకం మాత్రం మూడు నెలలు వెనక్కి జరిగింది.

ఆనాడే, బాబు తలమీద కాదుగానీ నా తలమీదే చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేశాను: ఈ జన్మలో నా కంప్యూటర్లో చూసి "బాగుంది" అనను. ఆఫీసంతా గాలించి, అన్నిటికంటే దరిద్రంగా ఉన్న కంప్యూటరు ఏదో కనుక్కుని, దాని ముందు కూర్చునే అంటాను.