అత్తమ్మ ముఖం మీద మొటిమలు

బయటి నుంచి వచ్చే కబురు కణం లోపలికి ఎలా చేరుతుంది, దాన్ని చేరవేసే జన్యువు చెడితే క్యాన్సర్ ఎలా మొదలవుతుంది అన్నది నా పరిశోధన. ఏళ్ల తరబడి నేను చూసిన క్యాన్సర్ అంతా ల్యాబ్‌లో, ప్లాస్టిక్ గిన్నెల్లో పెరిగేదే. మా మేనత్తకు ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందని తేలాక అది మన్సూరాబాద్‌లోని మా ఇంటికే వచ్చింది.

అత్తమ్మ నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి, ఎల్బీనగర్‌లో జాకెట్లు కుట్టి బతికిన మనిషి. బీడీ, చుట్ట ముట్టి ఎరగదు. దగ్గు ఎంతకీ తగ్గకపోతే పరీక్షలు చేయించాం. రిపోర్టులో చెడిన జన్యువు పేరు చదివాను. నేను రోజూ పనిచేసేది దాని మీదే. ఆ జన్యువు ఆగకుండా పంపే ‘పెరుగు’ అన్న కబురును అడ్డుకునే మాత్ర ఒకటి రోజూ వేసుకోమన్నారు డాక్టర్. చికిత్స అయ్యేదాకా మా ఇంట్లోనే ఉండమని అత్తమ్మను తీసుకొచ్చాను.

కొన్ని వారాల్లో దగ్గు తగ్గింది. కానీ ముఖం నిండా ఎర్రటి మొటిమలు లేచాయి. అల్మాస్‌గూడలో తన చెల్లెలి గృహప్రవేశానికి రానంది. ఒక ఉదయం చూస్తే ముందురోజు మాత్ర పట్టీలో అలాగే ఉంది. ఎందుకని అడిగాను.

“ఈ వయసుల మొటిమలేంది బిడ్డా? నలుగురిల ఎట్ల తిరగాలె? దగ్గు తక్కువైంది గద, ఇగ గోలి వద్దు.”

పక్కన కూర్చుని చెప్పాను. చర్మం కూడా అదే కబురు విని పెరుగుతుందని, మాత్రకు ముఖమేదో ఊపిరితిత్తి ఏదో తెలియదని, రెండుచోట్లా ఆ కబురును ఆపుతోందని. ఇంగ్లిష్‌లో ఎన్నోసార్లు పాఠంగా చెప్పిన సంగతే, అయినా అత్తమ్మకు చెప్పడానికి మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆమె అద్దంలో చెంపలు చూసుకుంది. “అంటే మొకం మంచిగైతె మందు పనిచేస్తలేనట్టా?”

“అట్ల కాదత్తమ్మా. మొటిమలకు వేరే మందు ఇస్తరు, డాక్టర్‌ను అడుగుదాం. గోలి మాత్రం మనంతట మనం బంద్ చేయొద్దు.”

ఆ మందు నేనే కనిపెట్టానా అని అడిగింది. కాదని, ఎక్కడెక్కడో చాలామంది కష్టపడ్డారని, అందులో నా పాలు ఏమీ లేదని చెప్పాను. కొంచెం నిరాశపడ్డట్టే కనిపించింది. అయినా లేచి ఆ రోజు మాత్ర వేసుకుంది.

డాక్టర్ రాసిన క్రీముతో ఎరుపు కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆ ముఖంతోనే గృహప్రవేశానికి వెళ్లింది. ఏమైందని ఎవరో అడిగితే “మందు లోపటికి ఎక్కుతున్నది” అందట. తర్వాత తీసిన స్కాన్‌లో గడ్డ బాగా చిన్నదైంది.

ఇలాంటి మాత్రలకు కొంతకాలానికి లొంగడం మానేసే కణాలుంటాయి. ఇప్పుడు ల్యాబ్‌లో నేను పెంచుతున్నది వాటినే. ఆ సంగతి ఇంట్లో ఎత్తలేదు. మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో లైనింగ్ బట్ట కొంటూ అత్తమ్మే అడిగింది.

“మళ్ల ఒస్తదా?”

“రావొచ్చు. వస్తే ఏం చేయాలె అన్నదాని మీదనే పనిచేస్తున్న.”

సరేనన్నట్టు తలూపింది. చేతిలోని జాకెట్టు ముక్కను బట్ట పక్కన పెట్టి చూసి, ఇంకొంచెం ముదురు రంగు తీయమని షాపతనికి చెప్పింది.