కుడి తుంటి కింది దుప్పటి

మొన్న ఒంగోలులో మా అమ్మాయిని సిజేరియన్‌కు తీసుకువెళ్ళే ముందు మత్తు డాక్టరమ్మ మా దంపతులిద్దరినీ కూర్చోబెట్టి, ఒక వాలు దిండు చూపిస్తూ, నా భార్య అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా బదులు చెప్పింది. వెన్నులో మత్తు ఇచ్చాక బీపీ దిగుతుందట, వెల్లకిలా పడుకుంటే కడుపు బరువు పెద్ద రక్తనాళాన్ని నొక్కుతుందట, రెండూ కలిస్తే బిడ్డను పోషించే మాయకు రక్తం తగ్గి బిడ్డకు ప్రాణవాయువు సరిగా అందదట. "అందుకే ఆంటీ, కుడి తుంటి కింద ఇది పెట్టి ఎడమకి ఒరగబెడతాం" అని నవ్వి లోపలికి వెళ్ళింది.

నేను పర్చూరు విలేకరిగా కుదురుకున్న కొత్తలో, మిరప కోతల రోజుల్లో, మా తొలి కాన్పు, అదీ సిజేరియనే. అక్కడి ఒక చిన్న నర్సింగ్ హోములో నా భార్యకు వెన్నులో సన్నటి గొట్టం పెట్టి మత్తు ఇచ్చి, ఎక్కడానికి కాస్త టైము పడుతుందని డాక్టర్లు థియేటరు సర్దుకోవడానికి వెళ్ళారు. నర్సు ఒక దుప్పటి మడిచి ఆమె కుడి తుంటి కింద దోపి, పక్క గదిలో ఎవరో పిలిస్తే అటు వెళ్ళింది. వెన్నులో సూది వేశాక తలనొప్పి రాకుండా వెల్లకిలా, చదునుగా పడుకోవాలని అంతకు ముందు వారమే నేను మా పేపరు ఆదివారం పేజీలో రాసి ఉన్నాను. అది ఆపరేషన్ అయ్యాక సంగతని నాకు తట్టలేదు. ఒక పక్కకు ఒరిగి ఉన్న మనిషిని చూసి, నర్సు హడావుడిలో మరచిపోయిందనుకుని, ఆ దుప్పటి లాగేసి, మడత చెడకుండా ఆమె కాళ్ళ దగ్గర పెట్టాను.

కాసేపటికి ఆమెకు చెమటలు పట్టాయి.

"ఏవండీ, కళ్ళు తిరుగుతున్నాయి, కాస్త పక్కకి తిప్పండి."

"కదలమాకు. పేపర్లో నేనే రాశాగా!"

నర్సు వచ్చి చూసి, దుప్పటి తీసిందెవరని కేక పెట్టింది. నేను నోరు మెదపలేదు. నా భార్యా మెదపలేదు. పుట్టిన మగబిడ్డ ఏడవలేదు, మర్నాడు మధ్యాహ్నం వరకే బతికాడు. కారణం ఇదని ఎవరూ తేల్చి చెప్పలేదు. మేమూ అడగలేదు. తర్వాత మా అమ్మాయి పుట్టింది, ఏళ్ళు గడిచాయి, ఆ దుప్పటి మాట మా ఇంట్లో ఎన్నడూ రాలేదు.

మొన్న థియేటరు బయట బల్ల మీద చాలాసేపు ఇద్దరం తలుపు వంకే చూస్తూ కూర్చున్నాం. లోపలి నుంచి మనవరాలి ఏడుపు గట్టిగా వినిపించాక నా భార్య, నా వైపు తిరగకుండానే, "ఆ రోజు దుప్పటి తీయమన్నది నేనేలెండి, ఒత్తుకుంటోందని" అంది.

ఆ రోజు ఆమె అలా అనలేదు. నాకు బాగా గుర్తు.

ఇప్పుడు డాక్టర్లు ఎదురు కూర్చుని విడమరచి చెబుతున్నారు, ఆడవాళ్ళు ధైర్యంగా అడుగుతున్నారు. ఆ రోజుల్లో అడిగేవాళ్ళే తక్కువ. కానీ ఊరందరినీ ప్రశ్నలడిగి బతికిన నేను, పక్క గదిలోనే ఉన్న ఆ నర్సును, దుప్పటి ఎందుకు పెట్టావమ్మా అని ఒక్క మాట అడిగి ఉండవలసింది.