ఖాళీగా వదిలిన అడ్రసు

1979 వేసవిలో ప్రేమావతి ఒక పెట్టె పట్టుకుని సొంతూరు తిరువూరు వచ్చింది. బడిపంతులు శాంతయ్యగారి పెద్దమ్మాయి ఆమె. పాలిటెక్నిక్ చదివి, హైదరాబాదులో ఓ చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పనిచేస్తోంది. తాను తయారుచేసిన ఆ కంట్రోలు పెట్టెను ఆదిశేషయ్య విత్తనాల గోదాములో బిగించింది. విత్తన ధాన్యం ఆరబెట్టే వేడిగాలి యంత్రాన్ని నలభై మూడు డిగ్రీల దగ్గర ఆపడం దాని పని. అంతకు మించితే గింజ మొలకెత్తదు.

మూడోరోజు పొద్దున్న కరెంటు పోయి, పావుగంటకు వచ్చింది. గోదాములో పనిచేసే జోజమ్మ ఎప్పటిలాగే స్విచ్ వేసింది. కాసేపటికి మాడు వాసన. ప్రేమావతి పరుగెత్తి మెయిన్ ఆపేసరికి థర్మామీటరు డెబ్బై చూపిస్తోంది.

"పాతిక బస్తాల విత్తనం! ఏం నొక్కావే?" ఆదిశేషయ్య జోజమ్మ మీద విరుచుకుపడ్డాడు. "రేపట్నుంచి పనిలోకి రాకు."

"స్విచ్చే వేశానండి. ఇంకేం ముట్టుకోలేదండి," అంది జోజమ్మ.

ప్రేమావతి వేడిగాలి యంత్రం తీగ ఊడదీసి, పెట్టెకు మాత్రం కరెంటు ఇచ్చింది. దాని జ్ఞాపకంలో 2050 అనే అడ్రసున్న గడిలో, ఎంత వేడి దగ్గర ఆగాలో చెప్పే హద్దు అంకె ఉంటుంది. ప్రోగ్రాము ప్రతిసారీ అక్కడికే వెళ్లి చదువుకుంటుంది. పెట్టె మీది మీటలు నొక్కి చూసింది. నలభై మూడు ఉండాల్సిన చోట నూట ఎనభై ఏడు!

ఏం జరిగిందో ఆమెకు అర్థమైంది. కరెంటు పోతే అక్కడున్నది చెరిగిపోతుంది. తిరిగొచ్చాక ఏ పిచ్చి అంకైనా ఉండొచ్చు. పెట్టె మొదలవగానే అక్కడ నలభై మూడు రాయమని ప్రోగ్రాములోనే చెప్పాలి. తాను చెప్పలేదు. బిగించిన రోజు చేత్తో మీటలు నొక్కి రాసి ఊరుకుంది.

నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. జోజమ్మ అప్పటికే తన అన్నం గిన్నె సర్దుకుంటోంది.

"తప్పు నాదండీ," అంది ప్రేమావతి. "ఆమె ఏమీ చెయ్యలేదు. పెట్టెకు మొదటి అంకె చెప్పడం నేనే మర్చిపోయాను."

ఆదిశేషయ్య పెట్టె వైపు వేలు చూపించాడు. "ఈ పెట్టె ఇంక నమ్మమంటావా?"

"సరిచేసి తెస్తాను. నమ్మకం కుదరకపోతే విప్పి తీసుకుపోతాను. జోజమ్మక్కను మాత్రం తియ్యకండి."

ఆ మధ్యాహ్నమే బస్సెక్కింది. హైదరాబాదులో ప్రోగ్రాము ఉండే చిప్పు చెరిపి, 2050లో నలభై మూడు రాయమనే ఆజ్ఞను దాని మొదట్లోనే రాసి, అయిదోరోజుకు తిరిగొచ్చింది. ఆదిశేషయ్య చూస్తుండగా ఇరవైసార్లు మెయిన్ ఆపి వేసింది. ప్రతిసారీ నలభై మూడే.

"ఇప్పుడు నువ్వు వెయ్యక్కా."

"నేనా? వద్దమ్మా!" అంటూనే జోజమ్మ కళ్లు మూసుకుని స్విచ్ వేసింది. యంత్రం హోరెత్తింది. ముగ్గురూ థర్మామీటరు చుట్టూ చేరారు. నలభై, నలభై ఒకటి, నలభై రెండు... నలభై మూడు దగ్గర హోరు ఆగిపోయింది.

"రేపు నువ్వే కొత్త ధాన్యం పోసి స్విచ్ వెయ్యి," అన్నాడు ఆదిశేషయ్య, జోజమ్మ వైపు తిరిగి.