నాలుక ముక్క, కత్తి అంచు

2020 ఏప్రిల్‌లో నేను చిక్కబళ్ళాపురంలో ఒక ఆసుపత్రి ల్యాబులో సీనియర్ టెక్నీషియన్‌ని. రిటైర్మెంటు దగ్గరపడింది. నాది రక్తం, మూత్రం పరీక్షించే విభాగం కాదు. రోగి ఒంటి నుంచి కోసి పంపిన చిన్న కండ ముక్కను మైనంలో పోతపోసి, పలచటి పొరలుగా తరిగి, రంగులద్ది, గాజుపలక మీద పెట్టి పెథాలజిస్టుకు అందించడం నా పని. పెథాలజిస్టు అంటే ఆ పొరను మైక్రోస్కోపులో చూసి ఫలానా జబ్బని తేల్చే డాక్టరు. మా డాక్టర్ శశికళ వయసులో నాకు కూతురంత, పనిలో దిట్ట. నేను ‘మేడం’ అంటే ఆమె ‘అమ్మా’ అనేది.

ఆ పొర పక్కన ఉల్లిపొర దుప్పటంత మందంగా కనిపిస్తుంది. దాన్ని తరిగే యంత్రాన్ని మైక్రోటోము అంటారు. అందులో వాడి పారేసే బ్లేళ్ళు బిగిస్తాం. లాక్‌డౌన్ రావడంతో బెంగళూరు నుంచి బ్లేళ్ళు ఆగిపోయాయి. మిగిలిన ఒక్క బ్లేడూ సోమేనహళ్ళి లక్ష్మిదేవమ్మ ముక్క దగ్గరికొచ్చేసరికి మొండిబారింది.

లక్ష్మిదేవమ్మకు నాలుక అంచున మానని పుండు. వక్కాకు నమిలే అలవాటుంది. బెంగళూరు సర్జన్ చూసి క్యాన్సరు కావచ్చన్నారట. మా రిపోర్టులో అనుమానమని ఉన్నా చాలు, మర్నాడే చేర్చుకుని ఆ వైపు నాలుక తీసేస్తామన్నారు. ఆ రోజుల్లో అక్కడ పడక దొరకడమే గగనం. భర్త నరసింహప్ప తాలూకు ఆఫీసు చుట్టూ తిరిగి ప్రయాణానికి పాసు తెచ్చుకున్నాడు. ఇద్దరూ పొద్దున్నే వచ్చి మా వరండాలో కూర్చున్నారు.

మొండి బ్లేడుతో తరిగిన పొరల్లో నిలువునా గీతలు పడ్డాయి. ఆ గీతల వెంట పైపొర కణాలు లోపలి కండలోకి ఈడ్చుకుపోయినట్టున్నాయి. క్యాన్సరైనా అలాగే లోపలికి దిగుతుంది. డాక్టర్ శశికళ చాలాసేపు చూసి, కాదని రాయడానికి తనకు ధైర్యం చాలడం లేదంది. మళ్ళీ ముక్క తీయిద్దామంటే పడక చేజారుతుంది. నిజంగా క్యాన్సరైతే ఆ ఆలస్యం ఎంత ముంచుతుందో తెలీదు. మైనం దిమ్మలో మిగిలింది గోటి చివరంత కండ. అదీ పాడుచేస్తే ఇక చేయగలిగిందేమీ లేదు.

అప్పుడు నేను బీరువా అడుగు నుంచి పాత ఉక్కు కత్తి తీశాను. జానెడు పొడవు, చేతికి బరువు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ కత్తులే వాడేవాళ్ళం, సాన కూడా మేమే పట్టేవాళ్ళం. ఇప్పుడది అంచు పొడుగునా తుప్పు తిని ఉంది. నిజం చెప్పాలంటే, దాన్ని చేతిలోకి తీసుకోగానే నాకు సంతోషమేసింది. మా ఇంట్లో కత్తిపీటకు వంకాయ తెగదని మా ఆయన ఎప్పుడూ సాధిస్తాడు. ఇంటి సంగతి వేరు.

ఈ సానకు రాయి పనికిరాదు. మందపాటి గాజుపలక మీద సాన పొడిని సబ్బునీళ్ళతో ముద్దచేసి రాస్తాం. కోణం మారకుండా కత్తి వీపుకు ఒక ఉక్కు తొడుగు తొడుగుతాం. అంచు ముందుండేలా ఏటవాలుగా తోసి, వీపు మీద తిప్పి, రెండోవైపు అంతే ఒత్తిడితో వెనక్కి తేవాలి. ముందు గరుకు ముద్ద, తర్వాత నున్నటిది, చివరికి తోలు పట్టీ. ముద్ద మార్చినప్పుడల్లా పలకా కత్తీ చేతులూ కడగాలి. ఒక్క గరుకు రేణువు మిగిలినా కొత్త గీత పడుతుంది. కత్తి ముఖం అద్దంలా మెరవాలనేది అందం కోసం కాదు. ముఖం మీది గీత అంచు దాకా పోతే, అక్కడ అంచులో చిన్న పన్ను లేస్తుంది. ఆ పన్నే పొరను చీరుతుంది.

తలుపు తీసే ఉంది. లక్ష్మిదేవమ్మ మాస్కు వెనక నుంచి మాట్లాడుతూనే ఉంది. పుండు నొప్పి కూడా ఆ నోటిని కట్టలేకపోయింది.

“సగం నాలికతో ఈయప్పను తిట్టేదానికి అయితాదా అమ్మా?” అని నన్నడిగింది.

నరసింహప్ప తల దించుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది.

మధ్యాహ్నానికి కత్తిలో నా కళ్ళజోడు స్పష్టంగా కనిపించింది. డాక్టర్ వచ్చి చూసి, ఇక తరుగుదామా అంది. ఆమెదీ తొందరే, సాయంత్రంలోగా రిపోర్టు పంపాలి. నరసింహప్ప కూడా గుమ్మం దగ్గరికొచ్చాడు.

“అద్దం మాదిరి మెరుస్తాండాదే అమ్మా, ఇంకేం కావల్ల?”

నేను కత్తి అంచును మైక్రోస్కోపు కింద పెట్టాను. తుప్పు తిన్నచోట లోతైన గాట్లు అలాగే ఉన్నాయి. ముఖం మెరిసింది గానీ అంచు అరగలేదు. అతన్ని పిలిచి చూడమన్నాను.

“ఇదేందమ్మా, మా పాత కొడవలి మాదిరి పండ్లు పండ్లుగా ఉండాది,” అన్నాడు.

“పైన పటారం, లోన లొటారం. మళ్ళీ మొదట్నుంచి రుద్దల్లప్పా,” అన్నాను.

గాటు పోవాలంటే దాని అడుగు దాకా అంచు మొత్తం అరగాలి, అడ్డదారి లేదు. డాక్టర్ గడియారం చూసింది, కానీ కాదనలేదు. బెంగళూరుకు ఫోన్ చేసి, రిపోర్టు ఆలస్యమైనా వస్తుందని చెప్పింది. నేను గరుకు ముద్దతో మళ్ళీ మొదలుపెట్టాను. భుజం లాగేసింది. ఈసారి ముద్ద మార్చినప్పుడల్లా అంచును మైక్రోస్కోపులో చూశాను. చివరికి అది తెగని సన్నటి గీతలా కనిపించింది.

అయినా లక్ష్మిదేవమ్మ దిమ్మ ముట్టుకోలేదు. ముందు వేరే పాత దిమ్మను తరిగాను. పొరలు ఒకదానికొకటి అంటుకుని నాడాలా సాగాయి, గోరువెచ్చటి నీళ్ళ మీద తేలాయి, ఒక్క చీరిక లేదు. అప్పుడు ఆమె దిమ్మ బిగించాను. అదీ అలాగే తెగింది.

రంగులద్ది ఇచ్చిన పలకను డాక్టర్ ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి నన్ను చూడమంది. పైపొర కణాలు తమ హద్దులోనే ఉన్నాయి. ఎక్కడా లోపలికి దిగలేదు. అది క్యాన్సరు కాదు, ఏదో పదునైనది రోజూ రాపాడి చేసిన పుండు. వెంటనే లక్ష్మిదేవమ్మ నోరు తెరిపించి చూస్తే, పుండుకు సరిగ్గా ఎదురుగా విరిగిన దవడ పన్ను ఉంది. డాక్టర్ రిపోర్టు పంపి, ఆపరేషన్ వద్దని సర్జన్‌తో మాట్లాడింది. నాలుక పోవాల్సిన చోట ఆ పన్ను ఒక్కటీ పీకించారు. తర్వాత కొన్ని వారాలకు పుండు మానాక లక్ష్మిదేవమ్మ వచ్చి, తన ఆవు ఈనిన సంగతంతా నాకు నిలబెట్టి చెప్పింది. నేను చెవులారా విన్నాను.

ఆ తర్వాత ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళకు నేను నేర్పింది ఇదే. పొర మీద కనిపించే ప్రతి గీతా రోగిది కాదు. ‘అనుమానం’ అని రాయించే ముందు, ఆ అనుమానం కండలో ఉందా, మన కత్తిలో ఉందా అని తేల్చుకోవాలి. కత్తిలో ఉంటే, కోయించుకోవాల్సింది రోగి కాదు. మళ్ళీ మొదట్నుంచి రుద్దాల్సింది మనం.