బోరులోకి దిగిన రంగుల కెమెరా

బోరు లోపల చూడాలంటే మా ఊళ్ళో మొదట అద్దమే దిక్కు. అద్దంతో ఎండను పట్టి గొట్టంలోకి కొట్టి, ఒక కన్ను మూసుకుని చూసేవాళ్ళం. అడుగున నీటి మట్టం మెరిసేది, అంతే. తొంభైల చివర్లో అనంతపురం నుంచి ఒకాయన బోరులోకి దించే కెమెరా తెచ్చాడు. బత్తలపల్లె దగ్గరి మా చీనీ తోటకు, అదే బత్తాయి తోటకు, ఊరు ఊరంతా వచ్చింది. చిన్న టీవీలో బూడిద రంగు తప్ప నాకేమీ కనిపించలేదు. మా నాయనకు మాత్రం అన్నీ కనిపించాయి. "అద్దో జల, ఇద్దో జల" అని, నీళ్ళు ఊరే పగుళ్ళు ఇవేనంటూ నాలుగు చోట్ల వేలు పెట్టి చూపించాడు. కెమెరా ఆయన కాదనలేదు. ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాడేమో.

ఆ నాలుగు జలల మీద నమ్మకంతోనే నాయన తోటను రెండు మడులకు పెంచాడు. నేను కాలేజీలో ఉన్నప్పుడు, రెండువేల అయిదు ప్రాంతంలో, బోరు మొరాయించింది. మోటారు వేస్తే కాసేపు నీళ్ళు, తరువాత ఒట్టి గాలి. చెట్లేమో నిండు కాపు మీద ఉన్నాయి. పక్కనే ఇంకో బోరు వేస్తే తోటంతా బతుకుతుందని నాయన. ఉన్న జలనే చీల్చుకుంటామని అమ్మ. ఇంట్లో రోజూ ఇదే రభస. చివరికి, వేసేముందు ఒకసారి లోపల చూద్దామని ఇద్దరూ ఒప్పుకున్నారు. మడకశిరలో ఒకతని దగ్గర కొత్త కెమెరా ఉందని తెలిసి కబురు పెట్టాం. అది రంగుల్లో చూపిస్తుందట, తల తిప్పి పక్క గోడలు కూడా చూస్తుందట.

అతను వచ్చేసరికి మోటారు పైకి తీసి పెట్టాం. వైరు విప్పి, టీవీ మీద ఎండ పడకుండా దుప్పటి కప్పి, కెమెరా దించాడు. నీళ్ళలోకి దిగగానే తెరంతా పచ్చబడింది.

"ఏం పోసినారమ్మా దీంట్లో?"

"పసుపు నీళ్ళే నాయనా. గంగమ్మ కాడికి ఒట్టి చేతుల్తో యట్ల దించేది?"

"రవ్వంత చల్లుంటే సాలు కదమ్మా."

"బిందె పోసినా."

నాయనకు ఒళ్ళు మండింది. "కూరలోకి చిటికెడు ఏసేదానికి లెక్క చూస్తావు, ఈడ బిందె పోసినావా?" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు.

దించింది ఎలాగూ దించాం కదా అని అతను ఇంకా కిందికి పోనిచ్చాడు. రాతి గోడలో పగులు కనిపించినప్పుడల్లా నాయన "ఈడ ఉండాది జల" అనేవాడు. అతను కెమెరా ఆపి అటు తిప్పేవాడు. పసుపు కదలకుండా నిలబడి ఉండేది.

"నీళ్ళు వస్తాంటే పసుపును తోసేస్తాది కదన్నా. ఇది ఎండిపోయిండాది."

మూడు చోట్ల అదే మాట చెప్పాడు. అడుగుకు దగ్గరవుతుండగా ఒక పగులు ముందు పసుపు చెదిరి కనిపించింది. దాని మధ్య నుంచి తేట నీళ్ళు దీపం వత్తి అంత సన్నగా వస్తున్నాయి. పాత కెమెరా అయితే పసుపూ నీళ్ళూ ఒకే బూడిద. కొత్తది అబద్ధానికి చోటివ్వలేదు. ఇన్నేళ్ళూ మా తోట తాగింది ఆ వత్తినేనా అనుకున్నాను.

"మళ్ళా ఒకసారి చూపియ్యప్పా," అన్నాడు నాయన. అతను చూపించాడు. నాయన చాలాసేపు చూసి దుప్పటి కింద నుంచి లేచాడు.

"ఇంగొక బోరు వద్దులే. పై మడికి నీళ్ళు ఆపేద్దాం. కింది మడన్నా బతుకుతాది."

తన మాటే నెగ్గింది కానీ అమ్మ ముఖంలో సంతోషం లేదు. పై మడి వైపు చూసి, "కాయలుండాయి కదా," అంది.

"ఉండాయి," అన్నాడు నాయన.